బాల్కనీ గది మరదలిది

ఆదివారం, 12వ తేదీ

మాటలు మానేసిన మరదలికి,

వదిన దీవించి రాస్తున్నది. ఫోను చేస్తే ఎత్తనన్నావు. ఎదురుపడితే మాట్లాడనని నా తమ్ముడి నెత్తి మీద చెయ్యి పెట్టి మరీ ఒట్టు వేశావు. ఉత్తరం చదవనని మాత్రం ఎక్కడా అనలేదు, నాకు బాగా గుర్తు. అందుకే ఈ కాగితం మీ ఆయన చేతికే ఇస్తున్నాను. పొద్దున మమ్మల్ని తన బస్సులోనే ఇక్కడ దింపాడు. సాయంత్రం అదే బస్సు తోలుకుంటూ ఇంటికొస్తాడు. నువ్వు రానన్నావని వాడు పెట్టిన సెలవు కూడా మానుకున్నాడు, వారమంతా రోజూ వాడి డ్యూటీ ఇదే కాబట్టి పోస్టాఫీసుతో మనకి పనిలేదు. వాడు ఉత్తరం విప్పి చదివే రకం కాదు గానీ, కిటికీ అద్దం గడగడలాడకుండా సందులో కుక్కే రకం. నలిగి వస్తే నన్ననకు.

ఇల్లు మూడో అంతస్తులో. లిఫ్టు ఉంది కానీ దానికీ నీ అంత కోపం, మూడుసార్లు నొక్కితే గానీ రాదు. తాళాలు గుమ్మం పక్కన చిన్న ఇనపడబ్బాలో పెట్టారు. ఇంటాయన పై అంతస్తులోనే ఉంటాడట, మొహం చూపించలేదు. దానికి బదులు గోడల నిండా కాగితాలు అంటించాడు. పంపు గట్టిగా తిప్పకండి, గ్యాసు కట్టేయండి, ఈ కిటికీ తెరవకండి, ఆ కిటికీ మూయకండి. నా హోటల్లో ఎవరైనా గోడకి కాగితం అంటిస్తే వాళ్ళకి ఆ రోజు మూడినట్టే.

మీ అన్నయ్య ఇంట్లో కాలు పెట్టగానే బల్ల మీద నగరం పటం పరిచారు. సర్వేయరు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి కదా, ఈ ఇంటికి ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టి, దాన్ని ‘స్థావరం’ అంటున్నారు. రేపు నది, ఎల్లుండి మ్యూజియం, ఆ తర్వాత కొండ మీది తోట, పడవ. అన్నీ స్థావరానికి దగ్గరేనట. పొద్దున బయల్దేరడం, చూసి రావడం, ఇంత తిని పడుకోవడం. వినడానికి బాగానే ఉంది.

నేను మాత్రం రెండు గదుల పక్కలూ విప్పి మళ్ళీ వేశాను. ఎవరు వేశారో గానీ దుప్పటి మూలల్లో చెయ్యి దూరుతోంది. పెట్టెలు అటక ఎక్కించాను, బ్రష్షులు అలమారలో పెట్టాను, చెత్తడబ్బా ఖాళీ చేశాను. “మనం సెలవుకొచ్చామా, డ్యూటీకొచ్చామా? చింత చచ్చినా పులుపు చావలేదే నీకు!” అన్నారు మీ అన్నయ్య. అంత పెద్ద హోటల్లో ముప్పై ఏళ్ళు గదులు సర్దించిన దాన్ని. రిటైరై నెల కాలేదు. ఆ సంగతి నా చేతులకి ఇంకా తెలియలేదు. దుమ్ము తుడవడానికి ఈసారి భలే గుడ్డ దొరికింది లే. మందంగా, తొడుగులా ఉంటుంది. లోపల చెయ్యి దూర్చి ఒక్కసారి రుద్దితే బల్ల అద్దమైపోతుంది.

రెండో గది చిన్నదే అయినా బాల్కనీ దానికే ఉంది. కింద అంతా గుడ్డల దుకాణాల వీధి. లారీల్లోంచి తానులు దించుతుంటే ఆ రంగులు పై నుంచే కనిపిస్తున్నాయి. దర్జీదానివి, నువ్వైతే ఆ బాల్కనీలోంచి లేచేదానివి కాదు. ఆ గది నీదని చూడగానే అనుకున్నాను.

ప్రయాణానికి సర్దుకున్న నీ పెట్టె విప్పి మళ్ళీ సర్దానని నలుగురం కలిసి రావలసిన ప్రయాణం మానేసి కూర్చున్నావు. నువ్వు మా పుట్టింట్లో అడుగుపెట్టినప్పట్నుంచి మనిద్దరం మాట్లాడుకోని రోజు లేదు. ఇప్పుడు వరసగా రెండు రోజులయ్యాయి. నాకేం బాగాలేదు.

నిన్ను పిలవడం లేదు. పక్క వేసి ఉందని చెబుతున్నాను, అంతే.

ఇట్లు,
నీ వదిన

&nbsp;

సోమవారం, 13వ తేదీ

వదినగారికి,

కోపం కోపమే, నమస్కారం నమస్కారమే. అన్నయ్యగారికి కూడా చెప్పండి.

ఉత్తరం నలగకుండానే వచ్చింది. మీ తమ్ముడు దాన్ని టిఫిను డబ్బా కింద పెట్టుకొచ్చారు కాబట్టి నూనె మరక మాత్రం అంటింది. “ఏమంది మీ అక్క?” అంటే “రాసింది” అన్నారు. “ఇల్లెలా ఉంది?” అంటే “ఉంది” అన్నారు. ఆయన నోట్లోంచి మాట రావాలంటే టికెట్టు కొట్టాలి.

నా పెట్టె సర్దారని నాకు కోపం అనుకుంటున్నారు. వదినగారూ, మీరు మా ఇంటికి వచ్చినప్పుడల్లా తలుపు పై అంచు మీద వేలు పెట్టి రాసి చూసుకుంటారు. నేనెప్పుడైనా ఏమన్నానా? మా మంచం మీద దుప్పటి మీరు లాగి సరిచేస్తే నేను దాని మీద కూర్చోడానికి భయపడి కుర్చీ తెచ్చుకున్నాను. మా వంటింటి గిన్నెలు మీరు పెద్దా చిన్నా వరసలో పెట్టి వెళితే, వారం దాకా నాకు గరిటె దొరకలేదు. ఇవన్నీ దున్నపోతు మీద వాన కురిసినట్టు ఊరుకున్నాను. ఇష్టమున్న మనిషి కాబట్టి ఊరుకున్నాను.

పెట్టె విప్పారు, సరే. మడతలు మార్చారు, సరే. కానీ అందులోంచి ఒకటి తీసి అవతల పడేశారు చూశారా, అక్కడ నా మనసు విరిగింది. అది ఏమిటో నేను చెప్పను. మీకు తెలుసు. తెలిసి కూడా ఉత్తరంలో దాని ఊసే ఎత్తకుండా లిఫ్టు గురించీ పంపు గురించీ రాశారు.

నిన్న మీ పుణ్యాన ఒకావిడ జాకెట్టుకి రెండు చేతులూ ఎడమవే కుట్టాను. ఆవిడ తొడుక్కుని అద్దంలో చూసుకుని, “ఇది కొత్త ఫ్యాషనా?” అంది. అవునన్నాను. ఇంకోటి కుట్టమంది.

బాల్కనీ బాగుంటే మీరే కూర్చోండి. తానులు నేను ఇక్కడ కూడా చూస్తాను.

మీ మరదలు

&nbsp;

మంగళవారం, 14వ తేదీ

కోపిష్ఠి మరదలికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఆ జాకెట్టు దగ్గర నవ్వొచ్చింది. మీ అన్నయ్య ఏమిటని అడిగితే చెప్పలేదు, ఆడవాళ్ళ సంగతులన్నాను.

తీసి అవతల పెట్టింది ఏమిటా అని రాత్రంతా ఆలోచించాను. తెల్లారేసరికి తట్టింది. దిండు! అయ్యో రామా, దిండు కోసమా ఇంత రాద్ధాంతం? పెట్టెలో సగం అదే ఉంటే తీసి నీ మంచం మీద పెట్టాను. అద్దె ఇంట్లో దిండ్లు ఉంటాయి, బోలెడు ఉన్నాయి. అయినా నీకు ఆ దిండు లేకపోతే నిద్ర పట్టదన్న సంగతి నాకు తెలియకపోవడం తప్పే. తెలిస్తే నా బట్టలు తగ్గించి అయినా దాన్ని నా పెట్టెలో పెట్టుకొచ్చేదాన్ని. ఇక్కడి దిండ్లు మరీ మెత్తన, తల పెడితే చెవులు రెండూ మునుగుతున్నాయి.

దిండు రేపు తమ్ముడి చేత పంపించు. బాల్కనీ గదిలో మంచం మీద పెడతాను. దిండు వెనకాలే మనిషి వస్తే నేనేమీ వద్దనను.

నిన్న నది చూడటానికి వెళ్ళాం. ఊళ్ళో స్థలాలన్నీ కొలిచిన మనిషి, పటం చేతిలో పెట్టుకుని, సందు మలుపులో తప్పిపోయారు. పటం తలకిందులుగా పట్టుకున్నారని నేను అప్పుడే చూశాను. చెబితే ఊరుకుంటారా? నది అనుకుని నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళాం. “ఇది కూడా చూడవలసిందే” అన్నారు. చూశాం. నీళ్ళు ఉన్నాయి.

ఇవాళ మ్యూజియం. ఇప్పుడు గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నారు. నేను ఇల్లు సర్దకుండా కదలనని తెలుసు కదా. పక్కలు వేశాను, స్నానాలగది నేల పొడిగా తుడిచాను, టీ గ్లాసులు కడిగి బోర్లించాను. మీ అన్నయ్య పటం జేబులో పెట్టుకున్నారు, ఫోను కట్టేసి అలమారలో పెట్టారు. సెలవంటే ఫోనుకి కూడా సెలవేనట. ఇప్పుడు ఎవరైనా వచ్చి చూస్తే ఇంట్లో మనుషులున్నారని ఒట్టేసి చెప్పినా నమ్మరు. నా ఉద్యోగంలో అంతకన్నా పెద్ద మెప్పు లేదు.

దిండు మర్చిపోకు.

ఇట్లు,
నీళ్ళ ట్యాంకు చూసిన నీ వదిన

&nbsp;

బుధవారం, 15వ తేదీ

వదినగారికి,

దిండా?

దిండు కోసం నేను మీతో మాట మానేస్తానా? ఆ దిండు మా ఆయనది. ఆయనకి మెడ పట్టేస్తుందని పెట్టాను. మంచం మీద పెట్టారు, చూశాను, ఆ రాత్రి ఆయన దాని మీదే గురక పెట్టారు.

విడమరిచి చెప్పక తప్పేలా లేదు. పెట్టె అడుగున ఒకటి పెట్టాను. మీకోసం నేను నా చేత్తో కుట్టింది. మీరు రిటైరైన రోజు ఒక మాట అన్నారు, గుర్తుందో లేదో. ఆ రోజు నుంచీ దుకాణం కట్టేశాక కూర్చుని కొంచెం కొంచెంగా చేశాను. ఇంకా చిన్న చేతికుట్టు మిగిలింది. బస్సులో కుట్టేసి, అక్కడికి వెళ్ళగానే ఇద్దామనుకున్నాను. మీరు పెట్టె సర్ది వెళ్ళాక చూస్తే అది లేదు. బట్టలన్నీ దులిపాను, మంచం కింద చూశాను. లేదు.

మీరు చూశారు, నచ్చలేదు, తీసి పారేశారు. ఇంతకన్నా నేనేమనుకోను? హోటల్లో పెద్ద పెద్ద సామాను చూసిన కళ్ళకి దర్జీదాని కుట్టు ఆనలేదేమో అనుకున్నాను. మాటకి మాట తెగులు అంటారు కదా, ఆ రోజు ఏదో అన్నాను, మీరు ఏదో అన్నారు, ఒట్టు దాకా వెళ్ళింది.

నేను చూడలేదమ్మా, నాకు తెలియదు అని మీరు ఒక్క ముక్క రాయండి, చాలు. నేను నమ్ముతాను. మీరు మొండివాళ్ళు గానీ అబద్ధాలు చెప్పేవాళ్ళు కాదు. మీ తమ్ముడి బస్సులో డ్రైవరు వెనక సీటు ఖాళీగానే వెళుతోందట. ఊరికే చెబుతున్నాను.

మీ మరదలు

&nbsp;

గురువారం, 16వ తేదీ

వదినగారికి,

నిన్న నా ఉత్తరం మీకు ఇవ్వడానికి మీ తమ్ముడు మీ ఇంటికే వచ్చారట. రాత్రి భోజనాల దగ్గర నేను అడగగా అడగగా చెప్పిన సంగతి ఇది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“మీ అక్క ఏమంది?”

“అక్క బజారుకెళ్ళింది. తలుపు బూర ఆయన తీశాడు.”

“బూర ఆయనెవరు?”

“బూర వాయిస్తాడు. వాళ్ళావిడ కూడా ఉంది.”

“వాళ్ళు అక్కడ ఏం చేస్తున్నారు?”

“ఉంటున్నారు. గదిలో.”

“ఏ గదిలో?”

“ఉన్నవే రెండు. ఇంకొంచెం కూర వెయ్యి.”

కూర వేశాను. గిన్నె బోర్లించాను. వదినగారూ, పక్క వేసి ఉందన్నారు. నా గదన్నారు. నాలుగు రోజులు ఓపిక పట్టలేక దాన్ని దారినపోయే బూర ఆయనకి ఇచ్చేశారా? కిందటి ఉత్తరంలో నేను సీటు ఖాళీగా ఉందని రాసినందుకు సిగ్గుపడుతున్నాను. అది వెనక్కి తీసుకుంటున్నాను. ఆ సీట్లో ఇవాళ ఉల్లిపాయల మూట పెట్టుకెళుతున్నారు.

బాల్కనీ వాళ్ళకి నచ్చిందనుకుంటాను.

ఇకపైన రాయను.

మరదలు

&nbsp;

గురువారం, 16వ తేదీ, సాయంత్రం

తొందరపాటు మరదలికి,

నీ రెండు ఉత్తరాలూ నా ముందున్నాయి. తమ్ముణ్ణి బస్టాండులో పట్టుకుని నిలబెట్టాను. “నీ పెళ్ళానికి ఏం చెప్పావురా?” అంటే “ఉన్నదే చెప్పా” అన్నాడు. నేను దీన్ని రాసి ముగించేదాకా బస్సు తియ్యనివ్వను. జనం అరుస్తున్నారు, అరవనీ.

మంగళవారం మ్యూజియం చూసి ఇంటికొచ్చి తాళం తీస్తే, సోఫాలో ఒక లావుపాటి ఆయన బూర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్ళావిడ నేను బోర్లించిన గ్లాసులో టీ తాగుతోంది. ఒకళ్ళనొకళ్ళం చూసుకుని నలుగురం ఒక్కసారే “మీరెవరు?” అన్నాం. ఆయన ఏదో బ్యాండులో వాయిస్తాడట, కచేరీకి వచ్చాడట, ఇల్లు అద్దెకి తీసుకున్నానన్నాడు. మీ అన్నయ్య పటం తీసి, ఎర్ర చుక్క చూపించి, “ఇది మా స్థావరం” అన్నారు. ఆ మాటకి వాళ్ళావిడ భయపడిపోయింది, పాపం.

అప్పుడు పై నుంచి ఇంటాయన్ని పిలిచాం. మొట్టమొదటిసారి మొహం చూశాను. ఆయన నన్నూ మీ అన్నయ్యనీ చూసి తెల్లబోయాడు.

“మీరు అసలు వచ్చారా?” అన్నాడు.

“ఆదివారం నుంచి ఉంటున్నాం” అన్నాను.

“నేను పొద్దున వచ్చి చూశానమ్మా. ఇంట్లో చీపురుపుల్ల కదల్లేదు. పక్కల మీద ముడత లేదు. స్నానాలగదిలో చుక్క నీళ్ళు లేవు. చెత్తడబ్బాలో కాగితం ముక్క లేదు. పెట్టె లేదు, చెప్పు లేదు. ఫోను చేస్తే ఎత్తరు. రాలేదనుకుని ఇంకొకళ్ళకి ఇచ్చేశాను. నా జన్మలో ఇలా ఉన్నవాళ్ళని చూడలేదు.”

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నన్ను ఇంతగా మెచ్చుకున్నవాళ్ళు లేరు. దాంతో మా ఇల్లే పోయింది. మీ అన్నయ్య గోడ వైపు తిరిగి నవ్వుతున్నారు.

ఇక విను. ఇంటాయన కాళ్ళావేళ్ళా పడి, శుక్రవారం పొద్దున దాకా సర్దుకోమన్నాడు. “రెండు గదులున్నాయి కదా, ఆ బాల్కనీ గది ఖాళీయే కదా, వీళ్ళకి ఇవ్వండి” అన్నాడు. అది మా మరదలిదన్నాను. “ఏరీ ఆవిడ?” అన్నాడు. “వస్తుంది” అన్నాను. ఎప్పుడని అడిగాడు. “మీకెందుకండీ ఎప్పుడో!” అని కసిరాను.

కాబట్టి బూర ఆయనా వాళ్ళావిడా పడుకుంటున్నది నా గదిలో. నేను హాల్లో సోఫా మీద పడుకుంటున్నాను, మీ అన్నయ్య కింద తన పటాల పక్కన పడుకుంటున్నారు. నీ గది తలుపు వేసే ఉంది. పొద్దున్నే వెళ్ళి దుప్పటి దులిపి మళ్ళీ వేస్తున్నాను, ఎవరూ పడుకోకపోయినా సరే. నా తమ్ముడు ఇదంతా చెప్పకుండా కూర వేయించుకున్నాడు చూడు, వాణ్ణి చిన్నప్పుడే ఇంకో నాలుగు తగిలించవలసింది.

ఇక నీ బుధవారం ఉత్తరం. అది చదివి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నీ కుట్టు నాకు ఆనదా? నా ఒంటి మీద బట్ట ఏది నీ చెయ్యి పడనిది? నేను చూడలేదు. నీ మీద ఒట్టు, నువ్వు కుట్టిన వస్తువేదీ నేను చూడలేదు, పారెయ్యలేదు. దిండు తీశాను. ఇంకొకటి, అడుగున ఒక మసిగుడ్డ ఉంటే తీశాను. దారాలు వేలాడుతూ, తిరగబడి, ఒక పక్క కుట్టు కూడా లేకుండా ఉంది. మంచి బట్టల మధ్య మసిగుడ్డ ఎందుకని నా సంచిలో వేసుకున్నాను. దాంతోనే కదా రోజూ ఇల్లు తుడుస్తున్నది! లోపల ఏవో దారం ముళ్ళు అరచేతికి తగులుతుంటాయి గానీ, దుమ్ము మాత్రం గొప్పగా పడుతుంది. నిన్న బూర కూడా దాంతోనే తుడిచాను. ఆయన తన మొహం అందులో చూసుకుని మురిసిపోయాడు. అంతకు మించి నీ పెట్టెలోంచి నేనేమీ తియ్యలేదు.

జనం బస్సు దిగి నా చుట్టూ చేరుతున్నారు. ఇదిగో, ఇచ్చేస్తున్నాను.

ఉల్లిపాయల మూట దింపించి ఆ సీటు నేనే తుడిచాను.

ఇట్లు,
సోఫా మీద పడుకుంటున్న నీ వదిన

&nbsp;

శుక్రవారం, 17వ తేదీ

వదినగారూ,

ఆ మసిగుడ్డ తిప్పి చూడండి.

మరదలు

&nbsp;

శుక్రవారం, 17వ తేదీ, మధ్యాహ్నం

నా తల్లికి,

తిప్పాను.

నీ చీటీ చదివి, వంటింటి పంపు మీద ఆరేసిన దాన్ని తీసి, కుట్టులేని పక్కనుంచి చెయ్యి పెట్టి లోపలిది బయటికి లాగాను. నీలం గుడ్డ, దాని మీద పసుపు దారంతో అక్షరాలు. తలుపు పిడికి తగిలించుకోడానికి ఉచ్చు. నువ్వు బట్టలు తిరగేసి కుట్టి తర్వాత తిప్పుతావని నాకు తెలియదా? నీ దుకాణంలో కూర్చుని వెయ్యిసార్లు చూశాను. నా చేతికి దొరికినప్పుడు మాత్రం మసిగుడ్డ అయింది.

ఒక పక్క ‘మా వదినగారు పడుకున్నారు. లేపకండి.’ రెండో పక్క ‘లేచారు. టీ తీసుకురండి.’

వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. రిటైరైన రోజు నేనన్న మాట నాకు గుర్తొచ్చింది. హోటల్లో ఎన్ని వేల తలుపులకి ‘లేపకండి’ అన్న అట్టముక్క వేలాడటం చూశానో, ఎంతమంది నిద్ర చెడకుండా కాళ్ళ చప్పుడు లేకుండా నడిచానో, నా తలుపుకి ఒక్కసారి తగిలించుకోలేదన్నాను. నవ్వుతూ అన్నాను, అందరూ నవ్వారు. నువ్వొక్కదానివే నవ్వలేదని ఇప్పుడు గుర్తొస్తోంది.

వారం రోజులు ఆ అక్షరాలు నా అరచేతికి తగులుతూనే ఉన్నాయి. దారం ముళ్ళన్నాను. దాంతో స్నానాలగది తుడిచాను, లిఫ్టు మీటలు తుడిచాను, ఊరూ పేరూ తెలియని వాడి బూర తుడిచాను. నీ చేతిపనితో నేను ఇంత పాడుపని చేశాను, నన్ను ఎంత తిట్టినా తక్కువే. ఒక్కటి మాత్రం చెబుతాను, రంగు దిగలేదు, ఒక్క కుట్టు ఊడలేదు. దారం ఎక్కడ కొన్నావో గానీ గట్టిది.

మీ అన్నయ్య వచ్చి నేను ఏడవడం చూసి కంగారుపడ్డారు. చూపించాను. ఆయన రెండు పక్కలూ చదివి, “మనం చూడవలసినవన్నీ పటంలో గీశాను, ఇది గియ్యలేదు” అన్నారు.

బూర వాళ్ళు పొద్దున వెళ్ళిపోయారు. వెళుతూ నాకోసం ఒక పాట వాయించారు, కిందింటి వాళ్ళు కర్రతో కప్పు కొట్టేదాకా. నా గది నాకు వచ్చింది. ఆదివారం ఖాళీ చెయ్యాలి. మిగిలింది రేపొక్క రోజు.

మిగిలిన చేతికుట్టు నేనే వేద్దామనుకుని సూది తీశాను. తర్వాత మానేశాను. నీ పని మధ్యలో నేను చెయ్యి పెట్టింది చాలు. పిన్నీసు పెట్టి ఉంచాను. నువ్వొచ్చి కుట్టాలి.

మొదటి ఉత్తరంలో పిలవడం లేదని రాశాను. ఇప్పుడు పిలుస్తున్నాను. రా.

నీ వదిన

&nbsp;

శనివారం, 18వ తేదీ
(మీ గది గుమ్మం బయట, నేల మీద కూర్చుని)

వదినగారికి,

మొదటి బస్సుకే వచ్చాను. దారిలో మీ తమ్ముడు నాతో పూర్తిగా రెండు వాక్యాలు మాట్లాడారు. ఒకటి, “అక్క సీటు తుడిచింది.” రెండోది, “నువ్వు లేకపోతే దానికి తోచదు.” ఆ తర్వాత అలసిపోయి ఊరుకున్నారు.

అన్నయ్యగారు తలుపు తీసి, నోటి మీద వేలు వేసుకుని, మీ గది వైపు చూపించారు. తలుపు పిడికి నేను కుట్టిన గుడ్డ పిన్నీసుతో సహా వేలాడుతోంది. పొద్దెక్కి ఎండ హాలు మధ్యకి వచ్చింది, మీరింకా లేవలేదట. ఇలాంటి వింత పెళ్ళయ్యాక చూడలేదని అన్నయ్యగారు గుసగుసగా చెప్పి, ఈసారైనా నది కనుక్కుంటానని పటం పట్టుకుని వెళ్ళిపోయారు. పటం తలకిందులుగా ఉంది. నేనూ చెప్పలేదు.

తలుపు తడదామని చెయ్యెత్తాను. లేపకండి అని కుట్టిందాన్ని నేనే, నేనే ఎలా లేపను? పిలుద్దామంటే మాట్లాడనన్న ఒట్టు ఇంకా ఉంది. అందుకని రాసి తలుపు కింద నుంచి తోస్తున్నాను.

బాల్కనీ గది చూశాను. ఆరు రోజులుగా ఎవరూ పడుకోని మంచం మీద దుప్పటి అంత బిగువుగా ఎవరు వేస్తారండీ? దాని మీద కూర్చోలేదు. కూర్చుంటే ఏడుపొస్తుంది.

నా పెట్టె హాల్లో పెట్టాను. బట్టలు ఎలా పడితే అలా కుక్కుకొచ్చాను, కావాలనే. తాళం వేయలేదు.

మీ మరదలు

&nbsp;

(అదే కాగితం వెనక)

నువ్వు లిఫ్టు దిగినప్పుడే మెలకువ వచ్చింది. బోర్డు వేలాడుతోంది కదా అని లేవలేదు.

ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. ఆ గుడ్డ రెండో పక్కకి తిప్పి, టీ పెట్టి పట్టుకురా, ఇద్దరికీ. పక్కంతా చెదిరిపోయి ఉంది. సర్దను. నువ్వూ సర్దకు. అందులోనే ఓ పక్కగా కూర్చుందువు గాని.